చిన్నమ్మ బలం మాత్ర

డబ్బా మూత తీశానో లేదో, చిన్నమ్మ వచ్చి పక్కన నిలబడినట్టయింది. కూర్చున్నట్టు కాదు, నిలబడినట్టే. ఆమె కూర్చోగా చూసినవాళ్లు మా బంధువుల్లో చాలా తక్కువ.

అంతా ఆ వాసన వల్ల. చెమట పట్టిన చేతిలో ఇనుప తాళంచెవి పట్టుకుంటే వచ్చే వాసన, దాని మీద కొంచెం తియ్యదనం. చిన్నమ్మ దగ్గర దానికి లవంగం కూడా తోడయ్యేది, మాత్రల్ని ఆకువక్క సంచిలో దాచుకునేది కాబట్టి. ఆమె పోయాక ఆ సంచి ఎవరు తీసుకున్నారో నాకు తెలియదు. వాసన మాత్రం హిందూపురంలో మా వంటింటి దాకా వచ్చేసింది.

డబ్బా తెచ్చింది మా ఆయన. మాది గాజులు, బొట్టుబిళ్లలు, రిబ్బన్లు అమ్మే అంగడి. పొద్దున షట్టరు ఎత్తి దీపం పెట్టేది నేనే. కొన్నాళ్లుగా నాలుగు మెట్లెక్కితే చాలు గుండె దడదడలాడుతోంది. పై అర నుంచి గాజుల పెట్టె దించితే కళ్లు మసకేస్తున్నాయి. మా ఆయన చూసి చూసి, "రోజూ సుస్తు సుస్తు అంటాండావే. మందులంగడాయప్ప ఇది ఆడోళ్లకని చేసిన మాత్ర అన్న్యాడు. దినానికొకటి మింగు" అని డబ్బా చేతిలో పెట్టి అంగడికి పోయాడు. మంచివాడే పాపం.

డబ్బా మీద ఒకామె జుట్టు ఎగరేసుకుంటూ పరుగెత్తుతోంది. ఎక్కడికో ఆ పరుగు! పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమో.

ఆయనకు నేను చెప్పనిది ఒకటుంది. నెలకోసారి రావలసింది నాకు నెలంతా వస్తోంది. ఒక వారం ఆగినట్టే ఆగుతుంది, అమ్మయ్య అనుకునేలోగా మళ్లీ మొదలు. ఎవరికీ చెప్పలేదు. వచ్చే శుక్రవారం మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. ఓళిగలు, అదే మీలో కొందరు బొబ్బట్లంటారే, అవి చేయాల్సింది నేను. చెబితే మా అత్త వంటింటి గడప దాటనివ్వదు. దేవుని గూటి దగ్గరికి పోనివ్వదు. అంగట్లో దీపం కూడా మా ఆయనే పెట్టుకోవాలి. ఆడవాళ్లను మూల కూర్చోబెట్టే కాలం పోయిందని అందరూ అంటారు గానీ, గడపలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

అందుకని, ఈ మాత్ర మింగేసి శుక్రవారం దాకా నెట్టుకొస్తే సరిపోదా అన్నది నా ఆలోచన. కానీ మింగలేదు. డబ్బాను ఫ్రిజ్ మీద పెట్టాను. అక్కడ నుంచి తీసి అద్దం దగ్గర పెట్టాను. అద్దంలో నా మొహం, పక్కన పరుగెత్తే ఆమె మొహం కనిపించేసరికి ఒళ్లు మండి బియ్యం డ్రమ్ము వెనక పెట్టాను. ఫోన్‌లో వెతికితే ఒకాయన ప్రతి ఆడమనిషికీ ఇది తప్పదంటాడు. ఇంకొకామె సరిగ్గా తినేవాళ్లకు ఇది దండగంటుంది. సరిగ్గా తినడమంటే ఏమిటో, అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలింది దాని లెక్కలోకి వస్తుందో రాదో ఆమె చెప్పలేదు. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. బలం మాత్రల గురించి సలహా అడగాలంటే మా వంశంలో ఒక్కతే మనిషి ఉండేది. ఆమె పోయింది. ఎలా పోయిందో తెలుసు కాబట్టే నాకీ తిరుగుడు.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. ధర్మవరంలో పట్టుచీరల అంగడి వాళ్లింటికి రెండో కోడలుగా వెళ్లింది. మా అమ్మ పెనుకొండలో ఉంటుంది, నేను హిందూపురంలో. మూడూళ్లూ ఒకే రైలు దారి మీద ఉన్నాయి. ఆ దారి మీద చిన్నమ్మ తిరిగినంతగా టికెట్ కలెక్టర్ కూడా తిరిగి ఉండడు. ఈ ఇంట్లో వ్రతం, ఆ ఇంట్లో సీమంతం, ఇంకో ఇంట్లో పిల్లకు ఓణీలు. ఎక్కడ పొయ్యి మీద పెద్ద పెనం ఎక్కితే అక్కడ చిన్నమ్మ ఉండాలి.

రైల్లో ఎంత ఖాళీ ఉన్నా ఆమె కూర్చునేది కాదు. తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడేది. పెనుకొండ కొండ కనిపించి, దాటిపోయి, ధర్మవరం వచ్చే దాకా అదే నిలబడడం.

"కూచో చిన్నమ్మా, సీట్లన్నీ ఖాళీగా ఉండాయి" అంటే, "కూచుంటే లేయలేనే పాపా. ఈడైతే గాలి వస్తాంది" అనేది.

గాలికి మొహం పెట్టి కళ్లు మూసుకునేది. కాళ్లు నొప్పి పుడితే ఒక కాలు మీది బరువు ఇంకో కాలు మీదికి మార్చుకునేది, అంతే.

చీరల అంగడి ఇంట్లో ఉండి ఆమె కట్టేది రెండే రంగులు. ఒకటి నేరేడుపండు రంగు. రెండోది కాఫీపొడి రంగు. ధర్మవరం అంటే రంగులు కదా! నెమలిపింఛం, చిలకపచ్చ, కనకాంబరం, మామిడిపండు, ఒక్కో చీర విప్పితే గది వెలిగిపోతుంది. చిన్నాయన బేరానికి వచ్చినవాళ్ల ముందే నవ్వేవాడు. "ఇన్ని రంగులు అమ్ముతాండా, మా ఇంటామెకు బొగ్గు రంగు దప్ప పట్టదు" అనేవాడు. చిన్నమ్మ కూడా నవ్వేది. "మసి కనపడదప్పా. నాది పొయ్యి కాడ బతుకు" అనేది.

ఇంకో అలవాటు. బియ్యం చెరిగేటప్పుడు చెరిగినన్ని నోట్లో వేసుకునేది. పచ్చి బియ్యం, పిడికెళ్లకు పిడికెళ్లు. పిల్లల పలకల సంచీల్లో బలపాలు మాయమయ్యేవి. మా తమ్ముడు చిన్నప్పుడు, "చిన్నమ్మా, నా బలపం తిన్న్యావా?" అని ఏడుస్తూ ఆమె కొంగు పట్టుకుని తిరిగేవాడు. "ఎలుకలు తినిండాయి లేరా" అని ఆమె పెదవి మీది తెల్లపొడి తుడుచుకునేది. ఇల్లంతా నవ్వులు. ఇప్పుడు ఆ నవ్వులు తలచుకుంటే నాకు చిరాకేస్తుంది. ఒంట్లో రక్తం తగ్గినవాళ్లకు అలాంటివి తినాలనిపిస్తుందని మాకు ఆ రోజుల్లో ఎవరు చెప్పారు గనక!

ఆమెకు తెలిసిన రోగం ఒకటే, బలం తక్కువ. ఆమెకు తెలిసిన మందు ఒకటే, బలం మాత్ర. "బలముండాలే, బలం. బలముంటే ఏమన్నా చేయొచ్చు" అని కొంగు బిగించేది. ఎవరైనా బెంగుళూరు పోతున్నారంటే చాలు, మైసూరుపాకు అడగదు, పూలు అడగదు. "ఆడోళ్ల బలం మాత్రలు కొత్తవేమన్నా వచ్చింటే తెండి" అనేది. ఎర్రవి, గులాబీవి, గుర్రాలకు వేసేంత లావువి. రైల్లో తలుపు దగ్గర నిలబడే ఆకువక్క సంచి తీసేది. మాత్రను అడకత్తెరలో పెట్టి టక్కుమని రెండు ముక్కలు చేసేది. ఒక ముక్క నోట్లో వేసుకుని, నీళ్లు కూడా లేకుండా తల వెనక్కు వంచి మింగేది.

ఆ ముక్కలు చేయడానికో కథ ఉంది. ఒకసారి పెనుకొండలో అమ్మ ఇంట్లో నన్ను పెరట్లోకి లాక్కుపోయింది. చుట్టూ చూసింది. నా చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఏమే పాపా, ఈ మాత్ర మింగినప్పట్నుంచీ నాకు పసుపు కలిపినట్టు పచ్చగా పోతాంది."

"ఏం పోతాంది?"

"ఏం పోతాదే! ఒంటికి. బలమంతా బయటికే పోతాంది. ఒంట్లో నిలవడంల్యా. శానా ఎక్కువైనట్టుండాది, పొంగిపోతాంది."

నేను నవ్వలేక చచ్చాను. విటమిన్ వేసుకుంటే అలా రంగు మారుతుందట, దానికేం కాదని చెప్పాను. నమ్మలేదు. పొంగిపోకుండా ఉండడానికి ఆ రోజు నుంచి సగం సగం. పొద్దున సగం, సాయంత్రం సగం. ఆమె తెలివికి నేను ఈ రోజుకీ నవ్వుతాను. పోయేది పోతూనే ఉందని ఆమెకు తెలుసు. దేని గురించి చెప్పాలో దాని గురించి చెప్పకుండా, పచ్చరంగు గురించి చెప్పింది.

చిన్నమ్మ ఓళిగలు చేయడం చూడాలి. శనగబేడలు, అదే శనగపప్పు, ఉడికి బెల్లంలో మగ్గి పూర్ణం అయ్యే దాకా ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. అరిటాకు మీద నూనె రాసి, ఉండను పెట్టి, మూడు వేళ్లతో ఒత్తుకుంటూ పోతే అంచు ఎక్కడుందో తెలియనంత పల్చగా అయ్యేది. ఆకుతో సహా ఎత్తి పెనం మీద బోర్లించి, ఆకును మాత్రం జారదీసేది. నేను చేస్తే ఆకుతో పాటు సగం పూర్ణం వచ్చేస్తుంది. ఆ పొయ్యి దగ్గర ఆమె మాటే మాట. ధర్మవరం ఇంట్లో చీరల బేరాల్లో ఆమెను ఎవరూ అడగరు. కొడుక్కు పిల్లను చూసినప్పుడు కూడా అడగలేదు. కానీ పెనం దగ్గర చిన్నాయన అన్నగారు కూడా, "ఇంగొంచెం నెయ్యి వెయ్యాల్నా అమ్మా?" అని చేతులు కట్టుకుని అడిగేవాడు.

ఈ వ్రతాలూ పూజలూ వచ్చినప్పుడు మా ఇళ్లలో ఆడవాళ్లకు ముందుగా పట్టే దిగులు పిండి గురించి కాదు, తేదీల గురించి. ఎవరికి ఎప్పుడొస్తుంది, ఎవరు బయట ఉంటారు, ఎవరు లోపల ఉంటారు. తేదీ వెనక్కు జరగడానికి కొందరు మాత్రలు మింగేవాళ్లు. ఒకసారి శ్రావణంలో అమ్మ ఇంట్లో అందరం కూర్చుని ఇదే రాద్ధాంతం చేస్తున్నాం. మా వదిన ఆ మాత్ర చేతిలో పట్టుకుని నీళ్లకోసం చూస్తోంది. చిన్నమ్మ గడపకు ఆనుకుని నిలబడి ఉంది.

"అవన్నీ మింగొద్దులే. నేనుండా కదా" అంది.

"నీకు రాదా ఏం?" అంది అమ్మ.

"నాకు నిల్చిపోయిందక్కా. ఏడాదాయె."

అందరం తలెత్తి చూశాం. ఆమెకప్పుడు నలభై అయిదు దాటి ఉంటాయేమో. "అదృష్టవంతురాలివే!" అంది అమ్మ, మనసారా. "పీడ వదిలింది" అంది వదిన. చిన్నమ్మ నవ్వి, వదిన చేతిలోని మాత్ర తీసుకుని కిటికీలోంచి పారేసింది.

ఆ రోజు నుంచి చిన్నమ్మకు తిరుగులేదు. తేదీ లేని మనిషి! ఎప్పుడు పిలిచినా వస్తుంది, ఏ ఇంట్లోనైనా మడి కట్టుకుంటుంది, ఏ అడ్డమూ లేదు. పిలుపులు పెరిగాయి. రొద్దంలో మా అమ్మ మేనత్త వాళ్లింటి నుంచి, కదిరి నుంచి కూడా ఫోన్లు వచ్చేవి. ఆ రైలు ప్రయాణాలూ ఆ నిలబడడమూ పెరిగాయి. మాత్రలూ పెరిగాయి.

అది అబద్ధం. ఆమెకు నిల్చిపోలేదు. నిలవకుండా పోతోంది.

ఈ సంగతి తెలియకముందు ఒకసారి పెనుకొండలోనే ఆమె మా కళ్ల ముందు జారిపోయింది. పడిపోలేదు, పడిపోతే గోల అవుతుంది కదా. ఓళిగ తిప్పుతూ తిప్పుతూ, అట్లకాడ పక్కన పెట్టి, గోడకు వీపు ఆనించి, అలాగే కిందికి జారింది. పెదవులు ఓళిగ పిండిలా ఉన్నాయి. నేను చేయి పట్టుకుంటే గోళ్లలో ఎరుపన్నది లేదు.

"డాక్టరమ్మకు చూపించుకుందాం పా" అన్నాను.

"ఎందుకే? బలం తక్కువంతే. మాత్ర మార్చినా, ఇది శానా మంచిదంట." గోడ పట్టుకుని లేస్తూ, తాను కూర్చున్న చోటు వైపు ఒక్కసారి వెనక్కు తిరిగి చూసుకుంది. నేల శుభ్రంగానే ఉంది. ఆ చూపు నాకు బాగా గుర్తు. ఓళిగ మాడిపోతోందని నన్ను కేకలేసి, మళ్లీ అట్లకాడ అందుకుంది.

ఆఖరుకు ధర్మవరం స్టేషన్లోనే, రైలు దిగుతూ పడిపోయింది. ఆసుపత్రికి నేను వెళ్లేసరికి రక్తం ఎక్కిస్తున్నారు. చిన్నాయన, వాళ్ల కోడలు, నేను మంచం చుట్టూ ఉన్నాం. డాక్టరమ్మ వచ్చి, "నెలనెలా ఎలా వస్తుందమ్మా?" అని అడిగింది.

చిన్నమ్మ చిన్నాయన వైపు చూసింది. కోడలి వైపు చూసింది.

"నిల్చిపోయింది మేడం. శానా రోజులైంది" అంది.

చేతికి రక్తం ఎక్కుతోంది. కింద పరిచిన గుడ్డ తడిసి ఉంది. అప్పుడు కూడా అదే మాట! డాక్టరమ్మ ఆ గుడ్డ వైపు చూసింది. చిన్నాయననూ కోడలినీ బయటికి పొమ్మని, తలుపు వేసి, మంచం మీద కూర్చుని, "ఇప్పుడు చెప్పమ్మా" అంది.

చిన్నమ్మ పైకప్పు చూస్తూ చెప్పింది. ఎన్నేళ్ల నుంచో చెప్పింది. రైల్లో సీటు మీద ఎందుకు కూర్చోదో, చీర రంగు ఎందుకు మార్చదో, అన్నీ ఒకదాని వెంట ఒకటి తేలిపోయాయి. నేను వింటూ నిలబడ్డాను. ఆమె నా చేయి పట్టుకుని లాగింది.

"మీ అమ్మకు చెప్పొద్దే పాపా. దేవుని కాడ, పొయ్యి కాడ అన్నీ ముట్టుకునిండా. అందరికీ వండి పెట్టినా."

"ఎందుకు చిన్నమ్మా? చెప్పింటే ఏమయ్యేది?"

"నెలలో సగం దినాలు బయటుంటే, ఇంగ ఆ ఇంట్లో నేనెవరే?" అంది.

తడిసిన గుడ్డ తీసి వేరేది పరిచాను. 

గర్భసంచిలో మొదలైనది అప్పటికే వేరే చోట్లకు పాకింది. ముందే వచ్చి ఉంటే ఆపరేషన్‌తో పోయేదని డాక్టరమ్మ చెప్పింది. మరుసటి శ్రావణానికి చిన్నమ్మ లేదు. చిన్నాయన వాకిట్లో కూర్చుని వచ్చినవాళ్లందరితో, "ఏ మాత్ర కావాలంటే ఆ మాత్ర తెచ్చిస్తిని కదప్పా, ఏం తక్కువ చేసినా?" అని ఏడ్చాడు. ఆయన ఏడుపులో అబద్ధం లేదు. నిజంగానే తెచ్చిచ్చాడు. ఆయన మీద కోపం వస్తే, ఆ వెంటనే జాలి వస్తుంది. జాలి వచ్చాక మళ్లీ కోపం వస్తుంది. చిన్నమ్మ మీద కూడా వస్తుంది. ఓళిగల కోసం ప్రాణం పోగొట్టుకుంటారా ఎవరైనా!

ఎవరైనా కాదు, నేనూ అదే దారిలో ఉన్నానని డబ్బా తెరిచిన రోజు తెలిసింది.

బుధవారం మధ్యాహ్నం మా అత్త చాటలో శనగబేడలు పోసుకుని రాళ్లు ఏరుతోంది. నేను పక్కన బెల్లం తరుగుతున్నాను. ఆమె తలెత్తకుండానే అడిగింది.

"శుక్రవారానికి నీకేం అడ్డం లేదు కదా?"

నా నోట్లోకి ఒక మాట వచ్చింది. నేను వెతుక్కోలేదు, అదే వచ్చింది. "నిల్చిపోయిందత్తా." నాకూ నలభై అయిదు. నమ్ముతుంది. ఒక్క మాటతో శుక్రవారమే కాదు, అన్ని శుక్రవారాలూ గట్టెక్కుతాయి. నాలుక చివర దాకా వచ్చి ఆగింది. గోడ పట్టుకుని లేస్తూ నేల వైపు తిరిగి చూసుకున్న చిన్నమ్మ చూపు గుర్తొచ్చింది. కత్తి కింద పెట్టాను.

"ఉండాది అత్తా" అన్నాను. "శుక్రవారానికే కాదు. ఉగాది కాడ్నుంచి ఆగకుండా ఉండాది."

బేడల్లో ఆమె వేళ్లు ఆగాయి.

"ఉగాది కాడ్నుంచా?"

"ఊఁ."

"అయితే ఉగాదికి ఓళిగలు..."

"నేనే చేసినా."

"దేవునికి పెట్టినాం కదే!"

"పెట్టినాం."

"అంగట్లో దీపం?"

"నేనే పెడ్తాండా."

ఆమె చాట పక్కన పెట్టింది. లేచి దేవుని గూటి దాకా పోయి, అక్కడ చేతులు కట్టుకుని నిలబడింది.  ఇప్పుడు తిడుతుంది, ఇల్లంతా కడిగిస్తుంది, ఊరంతా చెబుతుంది అనుకున్నాను. ఏమీ అనలేదు. మిగిలిన బేడలు ఏరలేదు. రాత్రి భోజనాల దగ్గర కూడా నాతో మాట్లాడలేదు.  మా ఆయన మా ఇద్దరి మొహాలూ చూసి, తిని, మెల్లగా జారుకున్నాడు.

మరుసటి రోజు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి అత్త కొత్త చీర కట్టుకుని, చేతి సంచి పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"పా" అంది.

"యాడికత్తా?"

"ఆడోళ్ల డాక్టరమ్మ కాడికి. నీ మొగునికేం తెలుస్తాది? నేను వస్తా. బియ్యం డ్రమ్ము ఎనక పెట్టిండావే, ఆ డబ్బా కూడా ఎత్తుకో, అది మింగొచ్చో లేదో అడుగుదాం."

ఆసుపత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు సగం ఖాళీగా ఉన్నాయి. అత్త పోయి ఒకదాంట్లో కూర్చుంది. నేను గోడ పక్కన కిటికీ కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. కాళ్లు లాగుతున్నాయి. ఈ కాలు మీది బరువు ఆ కాలు మీదికి మార్చుకుంటూ కిందికి చూసుకున్నాను. నేను కట్టుకున్నది నేరేడుపండు రంగు చీర. బీరువాలో అన్ని చీరలుండగా నా చేయి దాని మీదికే పోయింది. 

"ఏమమ్మా, కూచోకుండా ఆడ నిలబడుకున్న్యావు?" అంది అత్త.

"వద్దులే అత్తా, గాలి వస్తాంది."

ఆమె నా వైపు చూసింది. నా చీర వైపు చూసింది. తర్వాత కుర్చీ వైపు చూసింది. మా అత్త తెలివిగల మనిషి. సంచిలోంచి తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, పక్క కుర్చీలో పరిచింది. "అయితే అయింది, ఉతుక్కుంటాం. కూచో" అంది.

కూర్చున్నాను.

నర్సు అట్ట పట్టుకుని వచ్చి అందరి ముందే గట్టిగా అడిగింది. "ఆఖరిసారి ఎప్పుడొచ్చింది?" చుట్టూ మనుషులున్నారు. ఎదురుగా ఒక మగాయన పేపరు చదువుతున్నాడు. నేను అంతకన్నా గట్టిగా చెప్పాను. "ఆగితే కదా చెప్పేదానికి. ఉగాది కాడ్నుంచి వస్తానే ఉండాది." పేపరు ఇంకొంచెం పైకి లేచింది.

డాక్టరమ్మ రక్తం తీయించింది. స్కాన్ చేసింది. లోపల పొర మందంగా ఉందని చెప్పి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. అత్త సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. "దీన్ని మింగొచ్చా మేడం?" అంది. డాక్టరమ్మ డబ్బా తిప్పి వెనక రాసింది చదివింది.

"మింగితే నష్టం లేదమ్మా. కానీ నీకు తగ్గిపోయిన రక్తానికి ఇందులో ఉన్న ఐరన్ ఏ మూలకూ రాదు. వేరే రాసిస్తాను. అది కూడా, రక్తం ఎందుకు పోతోందో తెలుసుకోకుండా ఊరికే మింగుతూ కూర్చుంటే లాభం లేదు. సోమవారం రిపోర్టు వస్తుంది, చూద్దాం" అంది.

సోమవారం ఏం వస్తుందో నాకు తెలియదు. డాక్టరమ్మ మొహంలో ఏమైనా కనిపిస్తుందేమోనని చూశాను, ఏమీ కనిపించలేదు. ముందే వచ్చానా, ఆలస్యంగా వచ్చానా? ఆటోలో ఇంటికి వస్తుంటే ఇదే తిరుగుతోంది. మార్కెట్ దగ్గర ఆటో ఆగింది. వ్రతానికని పూలూ అరటిపిలకలూ కుప్పలు పోశారు. అత్త వాటిని చూస్తూ మామూలుగా అంది.

"ఈ శుక్రవారం కాకుంటే వచ్చే శుక్రవారం చేసుకుందాం. శ్రావణంలో ఇంగా శుక్రవారాలుండాయి. అమ్మవారు యాడికీ పోదు."

ఇక నా వల్ల కాలేదు. ఆటోలోనే బావురుమన్నాను. అద్దంలోంచి డ్రైవరు కంగారుగా చూశాడు.

"ఏమమ్మా! ఓళిగల కోసం ఏడుస్తాండావా?" అంది అత్త.

అవుననే అన్నాను. ఏమని చెప్పను? ఇంత చిన్న మాట చిన్నమ్మకు ఎవరూ చెప్పలేదే అని, వచ్చే శుక్రవారం చేసుకుందాంలే అని ఆ మూడూళ్లలో ఒక్కరంటే ఒక్కరు అని ఉంటే అని, ఆటోలో మా అత్తకు ఎలా వివరించను? ఆమె నా వీపు నిమురుతూ, "వచ్చే వారం కూడా నీకు చేతకాకుంటే నేను చేస్తాలే. నా ఓళిగలు కొంచెం లావుగా వస్తాయి, అంతే" అంది.

ఇంటికొచ్చాక పరుగెత్తే ఆమె బొమ్మ డబ్బాకు మూత గట్టిగా బిగించాను. సోమవారం తర్వాత ఆలోచిద్దాం, ఆమె సంగతి. డాక్టరమ్మ రాసిచ్చిన మాత్ర చేతిలోకి తీసుకున్నాను. వాసన అదే. అలవాటుగా వంటగట్టు దగ్గర నిలబడి నోట్లో వేసుకోబోయి, ఆగాను. లోటాలో నీళ్లు పట్టుకుని, హాల్లోకి పోయి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కూర్చుని మింగాను.